సాయంత్రం హాజరు పిలిచే ఇల్లు

నేను రిటైరయ్యానంటే మా పేట జంగ్లీఘాట్‌లో అందరూ నవ్వారు. మా ఇంటి ఓనరు ఆంటీ అయితే, "ఏం రిటైరు నువ్వు, నీ తలలో ఒక్క తెల్ల వెంట్రుక చూపించు చూద్దాం" అంది. నాకు ఇరవై తొమ్మిదేళ్లు. కానీ ఆరేళ్లు ఒకే పని చేశాను, ఆ పని అయిపోయింది, ఇక మళ్లీ చెయ్యను. దీనికి ఇంకో మాట నాకు తెలియదు.

సునామీ వచ్చిన మరుసటి ఏడాది, పోర్ట్‌బ్లెయిర్ బడుల్లో పిల్లలతో మాట్లాడడానికి కొందరిని తీసుకున్నారు. తలుపు మీద కౌన్సిలర్ అని రాశారు. పిల్లలు మాత్రం దీదీ అన్నారు. ఇప్పుడు ఆ పోస్టులు పర్మనెంటు అవుతున్నాయి. దానికి తగిన చదువు చదివిన ఇద్దరు అమ్మాయిలు వస్తున్నారు. నాకు ఆ చదువు లేదు, నేను అడగనూ లేదు. బాధేమీ లేదు. గది తాళం ఇచ్చేసిన రోజు ఇంటికొచ్చి పట్టపగలు మూడు గంటలు ఒళ్లు తెలియకుండా నిద్రపోయాను. ఆరేళ్లలో అంత నిద్ర ఎప్పుడూ పట్టలేదు.

ఈ కాగితాలు ఆ ఇద్దరి కోసం. నా డైరీల్లోంచి ఏరి రాస్తున్నాను. పేర్లు మార్చాను. ఎక్కువ భాగం ఒకే ఇంటి గురించి ఉంటుంది. ఆ ఇంట్లో ఒక పద్నాలుగేళ్ల పిల్లకు మంచి చేస్తున్నాననుకుని నేను చెడు చేశాను. అది సర్దుకుంది కాబట్టే ఇంత నిమ్మదిగా రాయగలుగుతున్నాను.

మాట్లాడని మనిషికి మాట్లాడే ఉద్యోగం

నాకు బిడియం ఎక్కువ. దుకాణంలో చిల్లర తక్కువిచ్చినా అడగలేను. చిన్నప్పుడు మా ఊరు రంగత్‌లో మా అమ్మ పాత వారపత్రికలు ముందేసి తెలుగు అక్షరాలు నేర్పింది. అప్పటినుంచి మనుషులకంటే పుస్తకాలే నాకు సులువు. ఇంటర్వ్యూలో అడిగిన ఐదు ప్రశ్నల్లో రెండింటికి తలూపాను, మూడింటికి ఊరుకున్నాను.

మమ్మల్ని చూసుకునే పెద్దావిడ ఎస్తేరు గారు. ఆస్పత్రిలో ముప్పై ఏళ్లు నర్సుగా చేసి వచ్చారు. ఆవిడే నన్ను తీసుకున్నారు. ఎందుకో చాలా రోజుల తర్వాత చెప్పారు.

"క్యాంపుల్లో మాట్లాడేవాళ్లు వచ్చి వచ్చి వెళ్లారమ్మా. అందరూ ఆ పిల్లల్ని 'ఏమనిపించింది, ఏమనిపించింది' అని పీక్కుతిన్నారు. నువ్వైతే కాస్త ఊరుకుంటావని."

అది నిజమే. నేను ఊరుకుంటే ఆ నిశ్శబ్దం భరించలేక పిల్లలే మాట్లాడేవాళ్లు. కొత్తగా వచ్చేవాళ్లకి నా మొదటి మాట: గదిలో మీకు ఇబ్బందిగా ఉంటే దాచుకోకండి. పిల్లకీ ఇబ్బందిగానే ఉంటుంది. ఇద్దరూ కలిసి ఇబ్బంది పడడం కూడా ఒక పరిచయమే.

తలుపు తట్టే ప్రశ్న

మాకొక ఫారం ఇచ్చారు. ఎక్కడో బయటి దేశంలో తయారైంది, ఎవరో హిందీలోకి మార్చారు. తల్లిదండ్రులు ఎలాంటివాళ్లో పిల్లలు టిక్కులు పెట్టాలి. చివర్లో టిక్కులు కూడితే తండ్రి 'కఠినం', 'ఆప్యాయం', 'పట్టించుకోరు' అనే మూడు గళ్లలో ఒకదాంట్లో పడతాడు.

అందులో ఒక ప్రశ్న, "మీ గదిలోకి వచ్చే ముందు తలుపు తడతారా?"

సునామీలో ఇళ్లు పోయినవాళ్లకి కట్టిన టిన్ షెడ్లలో ఉండే ఒకమ్మాయి పెన్ను నోట్లో పెట్టుకుని చాలాసేపు ఆలోచించింది. "దీదీ, మా షెడ్డుకి తలుపు లేదు, పరదా ఉంది. పరదాని ఎలా కొడతారు?"

పక్కనున్న పిల్ల అందుకుంది. "గదే లేదు, గదిలోకి రావడం ఏంటి? మేం ఆరుగురం ఒకే గదిలోనే ఉంటాం కదా. ఎవరొస్తారు, ఎక్కడికి?"

క్లాసంతా నవ్వింది. నేనూ నవ్వాను. నవ్వి, ఆ ఫారాలన్నీ జాగ్రత్తగా తీసుకెళ్లి టిక్కులు లెక్కేశాను. నా తప్పు అక్కడే మొదలైంది. ప్రశ్న తప్పని తెలిసింది, అయినా జవాబుని నమ్మాను.

దీవెన

దీవెన తొమ్మిదో తరగతి. క్లాసులో నిద్రపోతోందని, మార్కులు పడిపోయాయని టీచర్ నా దగ్గరికి పంపింది. ఆ పిల్ల ఫారంలో ఒకచోట కాగితం చిరిగి ఉంది. "మీరు ఎక్కడున్నారో తల్లిదండ్రులు అడుగుతారా?" అన్నచోట 'ప్రతిరోజూ' అనే గడిలో అంత గట్టిగా టిక్కు పెట్టింది.

వాళ్లది హట్‌బే, దక్షిణాన ఇంకో దీవి మీది ఊరు. సునామీలో ఇల్లు పోయింది, చిన్న తమ్ముడు బెన్నీ పోయాడు. కొన్ని నెలలు క్యాంపులో ఉండి, తండ్రికి ఫీనిక్స్ బే జెట్టీ నుంచి నడిచే బోట్ల మీద డ్యూటీ పడితే జంగ్లీఘాట్ వచ్చారు. తండ్రి యోహాను బోటు మీద తాళ్లు కట్టేవాడు. పొద్దున్నే వెళ్లి చీకటి పడేసరికి వచ్చేవాడు.

"మాది ఇల్లు కాదు దీదీ, క్యాంపు" అంది దీవెన. "సాయంత్రం దీపం పెట్టగానే నాన్న గుమ్మంలో నిలబడి హాజిరీ పిలుస్తాడు. దీవెనా! అంటే నేను 'హాజిర్ నాన్నా' అనాలి. స్టీఫెనూ! అంటే వాడనాలి."

"క్యాంపులో అలా పిలిచేవారా?"

"ఆ. రేషన్ ఇవ్వడానికి ముందు. క్యాంపు అయిపోయింది కదా, ఇంకా ఎందుకు? పక్కింటివాళ్లు నన్ను చూస్తే చాలు, 'హాజిర్ నాన్నా' అని ఎక్కిరిస్తారు. మొన్న స్టీఫెన్ స్నానం చేస్తున్నాడు. 'వాడు స్నానానికెళ్లాడు నాన్నా' అన్నాను. ఊహూ. 'ఆణ్నే సెప్పమను' అంటాడు. సబ్బు కళ్లతో వాడు బాత్రూంలోంచి హాజిర్ అని అరవాల్సిందే. ఒకరి బదులు ఒకరు చెప్పకూడదు. అదీ రూలు."

చివరి మాట చెప్పేటప్పుడు ఆ పిల్ల గోళ్లు అరచేతిలోకి దిగాయి. ఇది నా డైరీలో ఉంది. చూశాను, రాసుకున్నాను, దాని గురించి మాత్రం అడగలేదు. ఫారం చూశాను. 'కఠినం' గడిలో యోహాను నిండా ఉన్నాడు.

నా సలహా

ఆదివారం ప్రార్థన అయిపోయాక వాళ్లింటికి వెళ్లాను. యోహాను నన్ను కుర్చీలో కూర్చోబెట్టి తను నిలబడ్డాడు. నా వయసు పిల్ల ముందు ఆయన అలా నిలబడడం చూసి నాకు చెమటలు పట్టాయి. తొందరగా అయిపోవాలని చెప్పదలుచుకున్నదంతా ఒక్క గుక్కలో చెప్పేశాను. పిల్ల పెద్దదవుతోంది, నమ్మకం చూపించాలి, ప్రతిరోజూ లెక్క అడిగితే మనసు నలుగుతుంది, పిలవడం మానేస్తే మంచిది.

ఆయన చేతులు చూసుకున్నాడు. "నాను పిలిత్తే పిల్లకి కట్టంగా ఉందా, మేడమ్?"

"అవునండీ."

"సెప్పనేదు నాకు. మీరు సదూకున్నోరు. పిల్లకి మంచిదంటే మానేత్తాను."

అంతే. ఆ సాయంత్రంనుంచే మానేశాడు. ఒక్క మాట ఎదురు చెప్పలేదు. అంత సులువుగా ఒప్పుకునే తండ్రిని కఠినం అని ఎలా రాసుకున్నానని నాకు ఆ రోజు తోచలేదు. వాళ్లావిడ పొయ్యి దగ్గరనుంచి నన్ను చూస్తూనే ఉంది. ఏదో అనబోయి ఊరుకుంది. ఊరుకునేవాళ్ల సంగతి నాకు బాగా తెలియాలి కదా. అయినా నేను ఆవిడ కోసం ఆగలేదు.

మొదటి వారం దీవెన నవ్వుతూ వచ్చింది. డైరీలో ఎర్రసిరాతో 'సక్సెస్' అని రాసి కింద రెండు గీతలు గీశాను. ఆ పేజీ ఇప్పటికీ చింపలేదు. అప్పుడప్పుడు తీసి చూసుకుంటే మంచిదని.

రెండో వారంనుంచి టిఫిన్ డబ్బా పక్కవాళ్లకి ఇచ్చేయడం మొదలుపెట్టింది. ఇంటికి పావుగంట ఆలస్యంగా వెళ్లింది. తర్వాత అరగంట. ఇంట్లో ఎవరూ అడగలేదు. అడగొద్దని చెప్పింది నేనే కదా.

"ఇప్పుడు నేను ఇంటికెళ్లినా ఒకటే, వెళ్లకపోయినా ఒకటే దీదీ" అందొకరోజు.

ఆ మాట డైరీలో రాసి పక్కనే ఇలా రాశాను: 'స్వేచ్ఛకు అలవాటు పడుతోంది.'

ఫీనిక్స్ బే

డిసెంబర్‌లో మాకు ఐదింటికే చీకటి పడిపోతుంది. ఒకరోజు ఆ వేళకి దీవెన వాళ్లమ్మ నా గుమ్మంలో నిలబడింది. చెప్పుల్లేవు.

"పిల్ల ఇంటికి రానేదు. బళ్లో నేదు. సావాసగత్తెల ఇళ్లలో నేదు. ఇక్కడికేమైనా వచ్చినాదా?"

రాలేదు. మొదట వాళ్లాయనకి చెప్పాలని ఇద్దరం ఆటో ఎక్కాం. బోటు వచ్చే టైమే అది. ఆటోలో ఆవిడ నావైపు చూడకుండా అడిగింది. "మేడమ్, ఆయన్ని పిలవొద్దన్నారు. ఎందుకు పిలుస్తాడో అడిగినారా?"

అడగలేదు. ఆరేళ్ల ఉద్యోగంలో నేను నేర్చుకున్నదంతా ఆ ఒక్క ప్రశ్నలో ఉంది. అది నన్ను అడిగింది ఎస్తేరు గారూ కాదు, పుస్తకమూ కాదు.

జెట్టీ మీద జనం. బోటు అప్పుడే ఆనింది. దిగేవాళ్లు, మూటలు, కూలీల అరుపులు, రేపటి టిక్కెట్ల కోసం క్యూ. యోహాను తాడు కడుతున్నాడు. వాళ్లావిడ చెవిలో చెప్పగానే తాడు పక్కవాడి చేతికిచ్చి నా దగ్గరికి వచ్చాడు. అరుస్తాడనుకున్నాను. తిడతాడనుకున్నాను. తిట్టినా నాకు తక్కువే.

ఆయన నన్ను అడిగింది ఇది:

"పిలవొచ్చా, మేడమ్?"

తల ఊపాను.

ఆయన జెట్టీ మధ్యలోకి నడిచి, గుమ్మంలో నిలబడినట్టే నిలబడ్డాడు. "దీవెనా!"

ఆ గొంతుకి క్యూ అంతా తిరిగింది. ఒక కూలీ మూట దించేశాడు. నీళ్లు జెట్టీ కింద కొట్టుకుంటున్న చప్పుడు తప్ప నాకేమీ వినబడలేదు. ఆ కాసేపట్లో నేను ఆలోచించినవి రాయను.

"దీవెనా!"

టిక్కెట్ కౌంటర్ పక్కన నీళ్ల ట్యాంకు వెనకనుంచి సన్నగా వచ్చింది.

"హాజిర్, నాన్నా."

బడి యూనిఫాంలోనే ఉంది. మధ్యాహ్నం మూడింటినుంచి అక్కడే కూర్చుందట, బోటు కోసం చూస్తూ. నాన్న దిగుతాడు, తను కనబడదు, అప్పుడేం చేస్తాడో చూడాలని. వాళ్లమ్మ దాని వీపు మీద ఒక్కటిచ్చి, ఆ చేత్తోనే దగ్గరికి లాక్కుంది. నేను అక్కడే ఎవరిదో బియ్యం మూట మీద కూర్చుండిపోయాను.

"పిలవడం మానేశావు" అంది దీవెన ఏడుస్తూ. "నేను పోయినా పరవాలేదనుకున్నావు. నావల్లే కదా వాడు..."

అసలు సంగతి అప్పుడు బయటికొచ్చింది. సునామీ వచ్చిన ఆదివారం పొద్దున వాళ్లు అడవిలోకి, మెట్టమీదికి పరిగెత్తారు. చెట్ల మధ్య మనిషికి మనిషి కనబడలేదు. తండ్రి వరసగా పేర్లు పిలిచాడు. దీవెన పలికింది, స్టీఫెన్ పలికాడు. బెన్నీ అని పిలిస్తే, వెనకే వస్తున్నాడనుకుని దీవెన చెప్పింది, "ఉన్నాడు నాన్నా" అని. అందుకే 'ఒకరి బదులు ఒకరు చెప్పకూడదు' అనే రూలు తనకి రోజూ వేసే శిక్ష అనుకుంది. నాలుగేళ్లు అలాగే అనుకుంది. పక్కింటివాళ్ల ఎక్కిరింపు నాకు చెప్పడానికి తనకి దొరికిన చిన్న కారణం మాత్రమే.

యోహాను కింద కూర్చున్నాడు, పిల్ల ఎత్తుకి.

"ఎర్రిదానా. అప్పటికి పదేళ్ల పిల్లవి నువ్వు. నీకేటి తెలుత్తాది? నాను తండ్రిని. ఎనక్కి తిరిగి సూడాల. సూళ్లేదు. నీ మాట ఇని పరిగెత్తీసినాను. అందుకని ఇప్పుడు ఎవుళ్ల గొంతు ఆళ్లదే ఇనాల నాను. ఇంటేగానీ ముద్ద దిగదు. నీమీద కోపం కాదే. నామీద నాకు."

"ముందే చెప్పొచ్చు కదా!"

"నువ్వూ సెప్పొచ్చు కదేటి?"

ఆ పిల్ల ఏడుపులోనే ముక్కు ఎగబీల్చి నవ్వింది. నేను మూట మీదనుంచి లేచాను. మూటతాలూకు మనిషి అప్పటికే రెండుసార్లు "దీదీ, జరా హటియే" అని నన్ను లేవమన్నాడట. నాకు వినబడలేదు.

ఎస్తేరు గారి ఫారం

మర్నాడు ఎస్తేరు గారికి జరిగిందంతా చెప్పి, ఉద్యోగం మానేస్తానన్నాను. ఆవిడ డ్రాయర్లోంచి ఒక ఖాళీ ఫారం తీసి నా ముందు పెట్టారు. "మీ నాన్నగారి మీద నింపు."

మా నాన్న రంగత్‌లో బడిపంతులు. నింపి, కూడి చూస్తే కఠినం.

"అవునా?" అన్నారావిడ.

నేను రంగత్‌లో చదివినన్నాళ్లూ, వానాకాలంలో బస్సు ఆగేచోట గొడుగు పట్టుకుని మా నాన్న నిలబడేవాడు. ఇంటిదాకా ఒక్క మాట మాట్లాడేవాడు కాదు. గొడుగు మాత్రం మొత్తం నామీదే ఉండేది, ఆయన భుజం తడిసిపోయేది. ఫారంలో దానికి గడి లేదు.

"పిల్ల తండ్రికి భయపడుతోందా, తండ్రి దూరమవుతాడని భయపడుతోందా? మొదటిదైతే ఒక వైద్యం, రెండోదైతే ఇంకొకటి. బయటికి రెండూ ఒకేలా కనిపిస్తాయి. వెళ్లి పని చూసుకో" అన్నారు.

రెండో తప్పు

ఇక్కడితో ఆపితే మీరు తప్పు పాఠం నేర్చుకుంటారు. నేనూ అలాగే నేర్చుకున్నాను.

దీవెన సంగతి తర్వాత నాకు ఏ తండ్రినీ ఏమీ అనడానికి భయం పట్టుకుంది. మరుసటేడు ఒక కుర్రాడి వీపు మీద బెల్టు వాతలు చూశాను. 'వాళ్ల ఇంటి పద్ధతి వెనక ఏదో ఉండి ఉంటుంది' అని రెండు వారాలు ఊరుకున్నాను. ఎస్తేరు గారు నామీద అరిచింది ఆ ఒక్కసారే.

"పేరు పెట్టి పిలవడం, వాత పెట్టడం నీకు ఒకటే అయ్యాయా? మనవాళ్ల పద్ధతి అని పేరు పెడితే వాత మానుతుందా?"

ఆవిడే వెళ్లి ఆ తండ్రితో మాట్లాడారు. కుర్రాణ్ని కొన్నాళ్లు మేనత్త ఇంట్లో ఉంచారు. వాడు బాగానే ఉన్నాడు. నేను ఊరుకున్న రెండు వారాలు మాత్రం వాడికి తిరిగి ఇవ్వలేను.

అందుకని నా అభిప్రాయం సూటిగా చెబుతున్నాను. మన ఇళ్లలో పిల్లల్ని అడుగడుగునా అడుగుతారు, వెంటపడతారు, వాళ్ల బదులు తామే నిర్ణయిస్తారు. అదంతా చెడు అని బయటి ఫారం చెబితే నమ్మకండి. అదంతా ప్రేమే అని ఇంటివాళ్లు చెప్పినా నమ్మకండి. ఎందుకు చేస్తున్నారని పెద్దవాళ్లని అడగండి. ఎందుకనుకుంటున్నావని పిల్లనీ అడగండి. ఆ రెండు జవాబులూ కలవనిచోటే పిల్ల నలుగుతోంది. యోహాను ఇంట్లో పిలుపు మంచిదే, పిలుపు వెనక మౌనం చెడ్డది. నేను మంచిదాన్ని ఆపి చెడ్డదాన్ని వదిలేశాను.

రంగత్ బోటు

మొన్న సామాను సర్దుకుని మా ఊరికి బయల్దేరాను. పుస్తకాల పెట్టె మోయడానికి దీవెన వచ్చింది. ఇప్పుడు పన్నెండో తరగతి, నాకంటే పొడుగు.

"ఇంట్లో హాజిరీ నడుస్తోందా?" అన్నాను.

"ఎందుకు నడవదు? నాన్న రంగత్‌లో ఆగిపోయిన రోజు ఫోన్‌లో పిలుస్తాడు. ఇప్పుడు కొత్త రూలు దీదీ, మేం పెట్టాం. మేం పలికాక మేమూ 'నాన్నా!' అని పిలుస్తాం. ఆయన హాజిర్ అనాలి. అనకపోతే అన్నం పెట్టం."

"అంటాడా?"

"మొదట సిగ్గుపడ్డాడు. ఇప్పుడు చుట్టుపక్కల అందరికీ వినబడేలా అంటాడు. ఎక్కిరించేవాళ్లే విసుగొచ్చి మానేశారు."

ఇప్పుడు బోటు ఎక్కేచోట లిస్టు పట్టుకుని నిలబడేది యోహానే. మిగతా బోట్లలో టిక్కెట్ చూసి పంపేస్తారు. ఈయన మాత్రం ఒక్కొక్కరి పేరూ పిలిచి, జవాబు విని, టిక్కు పెట్టి ఎక్కిస్తున్నాడు. వెనకెవరో "భయ్యా, జల్దీ" అని గొణిగారు. ఆయన పట్టించుకోలేదు. ఒకావిడ భర్త తరఫున పలకబోతే, "ఆయన్నే సెప్పమనండమ్మా" అన్నాడు.

నా వంతు వచ్చింది. నా ముఖం చూశాడు. పదిసార్లు వాళ్లింట్లో టీ తాగిన మనిషిని. అయినా కళ్లు లిస్టు మీద పెట్టి నా పూర్తి పేరు పిలిచాడు.

నేను ఎప్పటిలాగే గొంతులోనే అన్నాను.

"గట్టిగా, మేడమ్. నాకు ఇనబడాల."

"హాజిర్!" అన్నాను.

నా గొంతు అంత ఉంటుందని నాకే తెలియదు. క్యూలో వాళ్లు తిరిగి చూశారు. వెనక జెట్టీ మీద దీవెన పకపకా నవ్వింది. యోహాను టిక్కు పెట్టి, చెయ్యందించి నన్ను బోటులోకి ఎక్కించి, తర్వాతి పేరు పిలిచాడు.